గున్నకు గవర్నరు

గౌనిపల్లి,
4 ఫిబ్రవరి 2024.

మామకు నయన దండాలు.

కాలు నొప్పి ఎలా ఉంది? నీ చెల్లెలు, అదే మా అమ్మ, నీ మాట విని మందులు వేసుకుంటోందా, లేక నువ్వు ఆమె మాట విని మానేశావా? ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటావు. పోయిన నెల చేశాను కదా! నేను ఒక మాటంటే నువ్వు "ఆఁ? ఆఁ?" అని అరుస్తావు. నీ అరుపులకు చాంపియన్ రీఫ్ వీధి వీధంతా వచ్చి జవాబు చెబుతుంది. నా సంగతి నీకు తప్ప అందరికీ తెలిసిపోతుంది. అన్నేళ్ళు బంగారు గనిలోకి మనుషుల్ని దించే వైండరు ఇంజను పక్కన కూర్చున్న చెవులు అవి, వాటిని నేనేమీ అనను. పైగా బడిలో కన్నడం చదువుకున్న నాకు తెలుగు రాత నేర్పింది నువ్వు. రాయకపోతే అక్షరాలు తుప్పు పడతాయని చెప్పిందీ నువ్వే. అందుకే ఉత్తరం.

ఈ ఉత్తరం ఉన్న అట్టపెట్టెలోనే గున్న ఉంది. మెల్లగా బయటికి తియ్యి, ముందు కాలు ఊడిపోయింది. గున్నంటే గుర్తుందా? పెళ్ళికి ముందు ఫ్యాక్టరీలో పని చేసేటప్పుడు కొనుక్కున్న రిమోట్ బండి, మాన్‌స్టర్ ట్రక్కు. పిల్లి అంత ఒళ్ళు, కొబ్బరికాయలంత చక్రాలు. కొన్నప్పటి గున్న కాదులే ఇప్పుడిది. పైడొప్ప పగిలితే నూనె డబ్బా కోసి కొత్తది చేశాను. పట్టుపురుగులు గూళ్ళు అల్లుకోవడానికి పెట్టే వెదురు చంద్రికె ఒకటి పాడైతే, దాని బద్దలతో బంపరు కట్టాను. షాక్ అబ్జార్బర్లలో నూనె కారిపోతే ఆముదం పోశాను. నవ్వకు! ఆముదం చిక్కన కదా, పై నుంచి పడినా గున్న బంతిలా ఎగిరిపడదు.

ఇప్పుడు అసలు సంగతి. పెళ్ళై వచ్చి ఇంకా ఏడాది కాలేదు, మా అత్త సొన్నమ్మ నన్ను కూర్చోబెట్టి పంచాయితీ చేసింది. "పెండ్లయిన ఆడబిడ్డ రిమోటు పట్టుకోని మట్టిలో కూర్చుంటే సూసేవాళ్ళు ఏమంటారమ్మా? నేను వద్దని సెప్పలా. జూన్‌లో శ్రీనివాసపురం మామిడి మండీ కాడ ఈ బండ్ల ఆట పెడతారంట గదా, నేనూ వచ్చి సూస్తా. మర్యాదగా ఉంటే ఆడుకో, నీ ఇష్టం. మంది ముందర నగుబాటైతే మాత్రం బండి అటకెక్కాల్సిందే. మల్లా దాని ఊసెత్తగూడదు" అంది. మా ఆయన మునేష్ నా వైపు మాట్లాడబోయాడు. "నువ్వు ఉండప్పా" అంది. ఉండిపోయాడు.

ఆ అటక సంగతి నీకు తెలియదు మామా. మునేష్ నాన్న హార్మోనియం అక్కడే ఉంది. మునేష్ క్రికెట్ బ్యాటు అక్కడే ఉంది. ఎక్కినవి ఇంతవరకు దిగలేదు. పగలంతా ఆకు కోసి, పురుగులకు మేత వేసి, ఆవుల పని చూసుకుని, సాయంత్రం కాసేపు గున్నను దుమికిస్తే నాకు నేను దొరికినట్టుంటుంది. అది కూడా పోతే నాకు ఏడుపొస్తుంది, నిజంగా.

కాలు అతికించి పంపు. అంతే. ఇంకేమీ చెయ్యొద్దు.

నీ చేతిని నమ్ముకున్న,
నయన


చాంపియన్ రీఫ్,
15 ఫిబ్రవరి 2024.

చల్లగా ఉండమ్మా నయనా,

బండి చేరింది. కాలు అతికించాను. ఆ కాలు ఇంక ఊడదు, కావాలంటే బండి ఊడుతుంది.

ఇంకేమీ చెయ్యొద్దని రాశావు. చదివాను. చదివి పక్కన పెట్టాను. ఎందుకంటే నీ బండిని ఇక్కడి మైదానంలో తోలి చూశాను. ఏమమ్మా, అది బండా, పిచ్చికుక్కా? దాని వేగానికి ఒక అడ్డూ అదుపూ ఉండాలా వద్దా? నా పక్కన ఆంజనప్ప ఉన్నాడు. ఆంజనప్ప తెలుసు కదా, గని షాఫ్టు నోటి దగ్గర గంట కొట్టేవాడు. వాడు గంట కొడితేనే నేను మనుషులుండే ఇనుప బోనును, కేజిని, దించేవాణ్ణి, వాడు కొడితేనే ఎక్కించేవాణ్ణి. వాడు నీ బండిని చూసి గోడ ఎక్కి కూర్చున్నాడు.

వైండరుకు గవర్నరు అని ఒకటుండేది. కేజి వేగం మితిమీరితే, డ్రైవరు కునికినా సరే, చచ్చినా సరే, బ్రేకు దానంతటదే పడిపోతుంది. అదే నీ గున్నకు పెట్టాను. ఇరుసు మీద రెండు ఇత్తడి నట్లు ఉన్నాయి చూడు. చక్రం అతిగా తిరిగితే అవి విచ్చుకుంటాయి. విచ్చుకుని స్విచ్చును తన్నుతాయి. కరెంటు కట్, బ్రేకు పట్! పెట్టినాక ఆంజనప్ప గోడ దిగి వచ్చి, "ఇంగ ఈ బండిలో మా అమ్మనైనా కూసోబెడతా రా కృష్ణప్పా" అన్నాడు. వాళ్ళమ్మ పోయి చాలా ఏండ్లయింది గాని, వాడు మెచ్చుకునే తీరు అది.

చక్రాలకు పాత సైకిలు ట్యూబు పట్టీలు కూడా అతికించాను. పంక్చరు సొల్యూషను దండిగా పూశాను. మట్టిలో పట్టు బాగుంటుంది. మీ అత్తకు నా నమస్కారం చెప్పు. మీ అమ్మ మందులు వేసుకుంటోంది, నన్ను తిట్టి మరీ వేసుకుంటోంది.

ఇట్లు,
అదుపు తెలిసిన మామ, కృష్ణప్ప


గౌనిపల్లి,
26 ఫిబ్రవరి 2024.

మామా,

దండాలు తరువాత. ముందు తిట్లు.

పెట్టెను వసారాలో విప్పాను. సొల్యూషను కంపు గుప్పుమంది. పురుగుల ఇల్లు పక్కనే. మా అత్త లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఎవురు తెచ్చినారు ఈ కంపు? యాడిదిది?" అని పెట్టెను కొంగుతో పట్టుకుని ఆవుల కొట్టం అవతల పడేసి వచ్చింది. పట్టుపురుగులకు వాసనలు పడవు మామా. బీడీ తాగినవాణ్ణి మేము ఆ గడప తొక్కనివ్వం. అత్తరు పూసుకుని వస్తే పెళ్ళికొడుకునైనా బయటే నిలబెడతాం.

సరే, పట్టీలు బాగున్నాయి, అది ఒప్పుకుంటాను. కానీ నీ గవర్నరు! మేము ఆడేది మట్టి గట్టు ఎక్కించి బండిని దూకించే ఆట. గాల్లో ఉన్నప్పుడు చక్రాలకు నేల తగలదు. ఊరికే గిర్రున తిరుగుతాయి. నీ గవర్నరు దాన్ని చూసి "అమ్మో వేగం!" అని బ్రేకు వేస్తుంది. గాల్లో బ్రేకు పడితే బండి ముక్కు కిందికి వాలిపోతుంది. ప్రతిసారీ గున్న మొహం మీద పడి, తోక పైకెత్తి, నా వైపు చూస్తోంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని. జూన్‌లో మంది ముందర ఇలా పడితే అంతకన్నా నగుబాటు ఉంటుందా? నేరుగా అటకే.

తీసేయనా మామా? కోపం తెచ్చుకోకుండా చెప్పు.

మూతి పగిలిన గున్నతో,
నయన


చాంపియన్ రీఫ్,
9 మార్చి 2024.

అమ్మా నయనా,

నాకు కోపం ఎందుకు? మీ అత్త నా పనిని కొంగుతో పట్టుకుని కొట్టం అవతల పారేసింది. పారేయనీ. పెద్దింటి ఆవిడ. నా చేతి వాసన ఆమెకు పడలేదు. గనుల్లో పనిచేసిన చేతులకు గంధం వాసన రాదులే అని సరిపెట్టుకున్నాను. ఈసారి ఆమెకు ఆ లోటు లేకుండా చేశాను. పెట్టె విప్పితే నీకే తెలుస్తుంది.

గవర్నరు సంగతి చదివి ఎంత సంతోషపడ్డానో! గాల్లో చక్రం తిరిగితే బ్రేకు పడుతోందా? శభాష్! అంటే పని చేస్తోందన్నమాట. తాడు తెగితే కేజి ఉండేది గాల్లోనే కదమ్మా. బ్రేకు కావలసింది అప్పుడే. ఆంజనప్పకు చెవిలో అరిచి చెప్పాను. వాడికీ నాలాగే చెవుడు, అందుకని ఇద్దరం అరుచుకున్నాం. మీ అమ్మ తలుపు వేసుకుంది.

ముక్కు మీద పడడం నీ తప్పు. అసలు నేల మీద పోవలసిన బండి నేల వదిలి పైకి ఎందుకు ఎగరాలి? మెల్లగా గట్టెక్కించి, మెల్లగా దించు. తీసేసే మాట ఎత్తకు. మొదటిది కాస్త మందంగా ఉందేమోనని ఇంకా చురుకైనది చేసి ఈ పెట్టెలో పంపుతున్నాను. ఇది చీమ తుమ్మినా బ్రేకు వేస్తుంది.

నిన్న శివరాత్రికి మీ అమ్మా నేనూ ఉపవాసం. ఆమె ఉన్నది, నేను మధ్యాహ్నం దాకా ఉన్నాను.

మామ


గౌనిపల్లి,
22 మార్చి 2024.

మామా,

కర్పూరం! పెట్టె నిండా కర్పూరం పోసి, పైన మల్లెపూలు పరిచి, బండి విడి భాగాలు పంపే మనిషి ఈ భూమి మీద నువ్వొక్కడివే అయి ఉంటావు. సొల్యూషను కంపు కన్నా కర్పూరం పురుగులకు ఇంకా చేటు. అత్త పూజ సామాను అనుకుని పెట్టెను భక్తిగా నేరుగా లోపలికి తీసుకుపోయి, దేవుడి పటం కింద పెట్టింది. ఆ పటం ఉన్నది పురుగుల ఇంటి గోడకే. కాసేపటికి పురుగులు మేత మాని తట్టల అంచులకు పాకడం మొదలుపెట్టాయి. మేమిద్దరం కిటికీలన్నీ తెరిచి, చేతులు పడిపోయేదాకా విసనకర్రలతో విసిరాం. "మీ మామకు నన్ను సంపాలనుంటే నేరుగా వచ్చి సంపమను తల్లీ, పురుగుల జోలికి రావద్దను" అంది అత్త. దేవుడి దయవల్ల పంట పోలేదు. అత్తకు నీ మీద కోపమేమీ లేదు. భయం ఉంది.

ఇంక గవర్నరు సంగతంటావా? కొత్తది చాలా బాగుంది మామా. ఇప్పుడు అది నన్ను అస్సలు ఇబ్బంది పెట్టడం లేదు. గున్న చక్కగా దూకుతోంది, చక్కగా దిగుతోంది. గవర్నరు మీద దుమ్ము కూడా పడకుండా గుడ్డలో చుట్టి, అంటే గుడ్డతో తుడిచి, జాగ్రత్తగా చూసుకుంటున్నాను. నువ్వు దాని గురించి ఇంక ఆలోచించనే వద్దు. ఏమీ పంపనూ వద్దు.

ఉగాదికి అమ్మకు చీర పంపుతున్నాను. కట్టుకోమని చెప్పు, దాచుకోవద్దని చెప్పు.

నయన


చాంపియన్ రీఫ్,
14 ఏప్రిల్ 2024.

నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. టీ అంగడి దగ్గర చదివాను. రేషను క్యూలో చదివాను. "గున్న చక్కగా దూకుతోంది, చక్కగా దిగుతోంది" అన్న చోట రెండేసి తూర్లు చదివాను. గనులు మూసినాక నేను చేసినవన్నీ మిక్సీ మోటార్లూ, ఫ్యాన్లూ. అవి తిరిగితే ఎవరూ నా పేరు తలచుకోరు, ఆగిపోతేనే తలచుకుంటారు. ఇప్పుడు మళ్ళీ నలుగురు నా పని గురించి మాట్లాడుకుంటున్నారు. పాత వైండరు వాళ్ళు ఒకరిద్దరు ఇంటికే వచ్చి బొమ్మ గీసి చూపించమన్నారు. సంతోషంగా ఉందమ్మా. దాచుకునే వయసు కాదు కాబట్టి చెబుతున్నాను.

అందుకే జూన్‌లో నీ ఆటకు నేనూ వస్తున్నాను. ఆంజనప్ప కూడా. కొత్త చొక్కా గుడ్డ తీసుకున్నాం, ఇద్దరికీ ఒకే తానులోది. గవర్నరు ఎలా పడుతుందో నా కళ్ళతో నేను చూడాలి.

ఆనందంతో,
మామ


గౌనిపల్లి,
12 మే 2024.

మామకు దండాలు.

నువ్వు వస్తానంటే నాకు సంతోషం కాదా? కానీ చూడు, ఎండలు మండిపోతున్నాయి. జూన్ అంటే మామిడి కాలం, శ్రీనివాసపురం దారంతా లారీలు. బస్సులో నిలబడి రావాలి. నీ కాలు అసలే బాగాలేదు. కూర్చోవడానికి ఆ మండీ మైదానంలో నీడ కూడా ఉండదు. ఆట కూడా ఏమంత గొప్పది కాదు, మామిడి క్రేట్లు వరసగా పేర్చి వాటి మీదుగా దూకించాలి, అంతే. ఎవరికి వాళ్ళు రెండు విడతలు. రాయల్పాడు నుంచి నాగేశ్ అని ఒకతను వస్తాడు. అతని బండి కొత్తది, కొన్నది కొన్నట్టే తోలుతాడు, వంక పెట్టడానికి లేదు. అతనే గెలుస్తాడని అందరూ అంటున్నారు.

మా అత్త కూడా ఆ రోజు హడావుడిగా ఉంటుంది. నీకు సరిగా మర్యాద చేయలేమేమోనని నా బాధ. ఆట అయిపోయాక నేనే వచ్చి అంతా చెబుతాను. వినపడేదాకా చెబుతాను. శ్రమ పడకు మామా.

నయన


చాంపియన్ రీఫ్,
2 జూన్ 2024.

నయనా,

అర్థమైందమ్మా. నీడ లేదన్నావు, లారీలన్నావు, కాలన్నావు. అసలు మాట ఒక్కటే, మీ అత్తకు నేను రావడం ఇష్టం లేదు. కర్పూరం సంగతి ఆమె మరిచిపోలేదు. నువ్వు మధ్యలో నలిగిపోతున్నావు. నువ్వు దాస్తే నాకు తెలియదా? నిన్ను ఎత్తుకుని పెంచినవాణ్ణి.

అయినా వస్తాను. నీ బండి అటకెక్కకుండా కాపాడేది నా గవర్నరే కాబట్టి నేను అక్కడ ఉండాలి. ఆమెకు ఎదురు పడను. కంచె అవతల నిలబడి చూస్తాను. ఆ రోజు సబ్బు కూడా పూసుకోను, పురుగులకు గాని, ఆమెకు గాని ఏ వాసనా తగలదు. ఆంజనప్ప కంటి ఆపరేషను అయింది, రాలేడు. వాడి చొక్కా కూడా నన్నే వేసుకెళ్ళమన్నాడు. ఒకటే వేసుకుంటాను.

మామ


చాంపియన్ రీఫ్,
17 జూన్ 2024.

అమ్మా,

నిన్న చెప్పకుండా వచ్చేశాను. నీకు మొహం చూపించలేక వచ్చేశాను.

నీ బండి గట్టెక్కి పైకి లేచింది. ఒక్క క్షణం ఎంత బాగుందో! అప్పుడే నా గవర్నరు పడింది. బండి ముక్కు వాల్చి తలకిందులుగా క్రేట్ల మీద పడింది. నాకు ఏమీ వినపడదు కదా. కళ్ళకు మాత్రం అన్నీ కనపడ్డాయి. మైదానం చుట్టూ నోళ్ళు తెరుచుకున్నాయి. షాఫ్టు దగ్గర ఏదైనా జరిగితే జనం అలాగే నోళ్ళు తెరుస్తారు. మీ అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆమె కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు. నువ్వు పొట్ట పట్టుకుని మట్టిలో కూలబడ్డావు. అంతకన్నా చూడలేకపోయాను. కంచె తాడు దాటి వచ్చి, కటింగ్ ప్లేయరుతో గవర్నరు పీకి జేబులో వేసుకుని, బస్టాండు దాకా వెనక్కి తిరగకుండా నడిచాను.

నువ్వు ఫిబ్రవరిలోనే చెప్పావు, ముక్కు మీద పడుతుందని. నేను వింటేనా? తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం నేను. నిన్ను మంది ముందర ఏడిపించాను, మీ అత్తను ఏడిపించాను. బండి అటక మీదికి పోయే ఉంటుంది. సామాను పెట్టెకు తాళం వేశాను, ఇంక ఎవరి వస్తువూ ముట్టుకోను.

మన్నించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

కృష్ణప్ప


గౌనిపల్లి,
20 జూన్ 2024.

నా పిచ్చి మామా!

మండీ మైదానం నుంచి మొదలుపెట్టి నీ కోసం బస్టాండంతా వెతికాం. అత్త కూడా వెతికింది. ఇప్పుడు అద్దాలు పెట్టుకుని, కూర్చుని, మెల్లగా చదువు. నువ్వు చూసింది చెప్పావు. నువ్వు వినలేకపోయింది నేను చెబుతాను.

ఎవరూ ఏడవలేదు మామా. నవ్వారు! మైదానం మొత్తం పగలబడి నవ్వింది. మైకు పట్టుకున్నవాడు, "గౌనిపల్లి గున్నమ్మగారు భూమాతకు సాష్టాంగం చేసినారు, అందరూ దండం పెట్టుకోండ్రప్పా!" అన్నాడు. నాగేశ్ నవ్వు ఆపుకోలేక చేతిలో రిమోటు కింద పెట్టేశాడు. నేను పొట్ట పట్టుకున్నది నవ్వు ఆగకే. మా అత్త కళ్ళలో నీళ్ళు చూశావే, అవి నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళు. "అయ్యో నా తల్లీ! నా పెండ్లిలో మీ మామగారు పీట మింద నుంచి పడినప్పుడు గూడా నేనింత నవ్వలేదే!" అని పక్కావిణ్ణి పట్టుకుని ఊగిపోయింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. నీ గవర్నరు మార్చి నుంచి గున్నకు లేదు. గుడ్డలో చుట్టి నా బట్టల పెట్టెలో పెట్టాను. నువ్వు నొచ్చుకుంటావని చెప్పలేదు. ఆదివారం నువ్వు ఆ కొత్త చొక్కా వేసుకుని, కంచె అవతల నిలబడి, కనపడిన ప్రతివాడికీ "దాంట్లో ఉండేది నా గవర్నరు" అని అరిచి చెబుతున్నావు. రాయల్పాడు వాళ్ళకు కూడా చెప్పావు. ఎందుకైనా మంచిదని గవర్నరును సంచిలో వేసుకొచ్చాను. క్రేట్ల వెనక్కి పోయి మళ్ళీ బిగించాను. అటకెక్కితే ఎక్కనీ, మా మామ తల దించుకోకూడదు అనుకున్నాను. అంతా తెలిసే దూకించాను. నువ్వు నన్ను ఏడిపించలేదు.

నువ్వు గవర్నరు పీకి వెళ్ళాక రెండో విడతలో గున్న వరసంతా దాటింది. చూడాల్సింది నువ్వు! దిగి, మలుపు తిరుగుతూ మళ్ళీ పల్టీ కొట్టింది, ఒక చక్రం ఊడి మామిడిపండ్ల బుట్టలో పడింది. మళ్ళీ నవ్వులే. గెలిచింది నాగేశే.

ఇంటికొచ్చాక గున్నను నేనే అత్త ముందు పెట్టాను, మాటంటే మాటే కదా. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నగుబాటంటే నలుగురు నవ్వితే మనం తల దించుకోవాల. అందరికన్నా ముందు నవ్వింది నేను. ఇంగ ఎవుర్ని అటకెక్కించేది? పో, ఆ చక్రం తగిలించుకో" అంది. మరునాడు పొద్దున తనే రిమోటు పట్టుకుని గున్నను నేరుగా పాల క్యానుకు గుద్దింది. ఇంట్లో పాలు లేవు, నల్ల టీ తాగుతున్నాం. "మీ అన్న అట్ల మాట చెప్పకుండా ఎందుకు పోయినాడు" అని మా అమ్మను అడగమంది అత్త. నాకూ అదే అడగాలనుంది.

సామాను పెట్టె తాళం తియ్యి.

నీ మీద కొండంత ప్రేమతో, పిడికెడు కోపంతో,
నయన


చాంపియన్ రీఫ్,
30 జూన్ 2024.

నయనా,

నీ ఉత్తరం చాలా సార్లు చదివాను. ఎవరికీ చదివి వినిపించలేదు. ఆంజనప్పకు మాత్రం, వాడి కన్ను ఇంకా సరిగా తెరుచుకోలేదు కాబట్టి, చెవిలో అరిచి చెప్పాను.

గవర్నరు తీసేసినందుకు కోపం లేదు. మళ్ళీ బిగించావు చూడు, దానికి ఏమనాలో నాకు తెలియదు. తెలిసినా రాయలేను. నీకు తెలుగు నేర్పినవాణ్ణి నేనే, అయినా ఆ మాట నా దగ్గర లేదు.

నేను ఎందుకు పారిపోయానో చెబుతాను. నా చేతిలో వైండరు లివరు ఉండేది. లివరుకు అవతల తాడు, తాడుకు అవతల కేజి, కేజిలో మనుషులు. వాళ్ళు నాకు కనపడరు. గంట ఒక్కటే. పెళ్ళాం పిల్లలు ఉన్న మనుషులు చీకట్లో నా చేతికి వేలాడుతూ దిగేవాళ్ళు. దేవుడి దయవల్ల నా చేతిలో ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ భయం చేతిలో నుంచి పోలేదు. ఇప్పటికీ ఇంట్లో చెంబు జారిపడినా నేను కళ్ళు మూసుకుంటాను. పడినదాన్ని చూసి నవ్వొచ్చునని నాకు ఎవరూ చెప్పలేదు. నీ బండిలో ఎవరూ లేరన్న సంగతి, నిజం చెబుతున్నాను, నాకు తట్టనే లేదు. నేను గవర్నరు పెట్టింది బండికి కాదు, దాంట్లో ఎవరో ఉన్నారని పెట్టాను.

నిన్న సామాను పెట్టె తాళం తీశాను. పాత టిన్ను, నాలుగు డబ్బా మూతలు, మిక్సీ ఇరుసు పెట్టి ఒక బండి చేశాను. మోటారు లేదు, బ్రేకు లేదు. ఈ పొద్దు ఆంజనప్పను చెయ్యి పట్టుకుని, గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీదికి ఎక్కించాను. నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. "గంట కొట్టకుండా వదిలేదానికి లేదు" అని పట్టుబట్టి, నా ఇనుప రెంచీని తాళపుచెవితో టంగుమని కొట్టాడు. బండిని అంచు మీద నుంచి వదిలేశాను.

అది దొర్లింది, ఎగిరింది, మళ్ళీ దొర్లింది. మూతలు నాలుగూ నాలుగు దిక్కులకు పోయాయి. టిన్ను అప్పడమైంది. నేను కళ్ళు మూసుకోలేదమ్మా. కింద దాకా చూశాను. ఆంజనప్ప నోరు తెరిచి ఉంది, వాడి కళ్ళద్దాల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి, ఈ తూరి అవి ఏమి నీళ్ళో నాకు తెలుసు. ఇద్దరం ఆ తెల్లమట్టిలో కూలబడి నవ్వాం. దాంట్లో ఎవరూ లేరు నయనా. ఒక్కరు కూడా లేరు.

ఇది దిబ్బ మీదే కూర్చుని రాస్తున్నాను. చీకటి పడక ముందే దిగి మూతలు ఏరుకోవాలి, మళ్ళీ వదలాలి. ఉంటాను.

మామ